తొలి పోటు

"ఇడ్లీ గుంటలల్ల నువ్వు పోస్తే ఒప్పు, నేను పోస్తే తప్పొచ్చిందా?" అన్నాడు సైదులు.

"నేను పోసింది ఉడికినంక ఊడొస్తది. నీది ఊడొస్తదా? ఊడదియ్యి, చూస్త," అంది సుమతి.

అప్పటికి ఆ వాదన మొదలై ముప్పావుగంట దాటింది. ఇడ్లీ రేకు వంటగది గట్టు మీద ఇద్దరి మధ్యా సాక్షిలా పడి ఉంది. దాని నాలుగు గుంటల్లోనూ నీలం రంగు పదార్థం గాజులా గట్టిపడి మెరుస్తోంది. దాన్ని ఎపాక్సీ అంటారని సుమతికి నాలుగు నెలల కిందటే తెలిసింది. రెండు సీసాల్లో వస్తుంది. రెండూ కలిపితే మొదట తేనెలా ఉంటుంది, తర్వాత బండరాయి అవుతుంది. బీరువా తలుపులకు పిడులు చేద్దామని సైదులు నిన్న సాయంత్రం దాన్ని ఇడ్లీ రేకులో పోశాడు. ముందుగా నూనె రాయడం మరిచిపోయాడు.

"అచ్చులు కావాలంటే హైదరాబాద్‌కెళ్లి తెప్పియ్యాలె. గుండ్రంగ ఉన్నది ఇంట్ల ఇదొక్కటే దొరికింది."

"నీ తలకాయ గుండ్రంగనే ఉన్నది గద. దాంట్ల పోసుకోకపోయినవా?"

వరండాలో మంచం మీద కూర్చున్న అత్తగారు కాటమ్మ గొంతెత్తింది. "పొద్దుగాల్నే ఏం లొల్లిరా మీది? తినడానికేమన్న పెడ్తరా, ఉత్త కడుపుతోనే బస్సెక్కిస్తరా?"

ఆ మాటతో సుమతికి ఆ రోజు పని గుర్తుకొచ్చింది. పన్నెండు గంటల బస్సుకు ముగ్గురూ కోదాడ వెళ్లాలి. ఆడబిడ్డ శోభారాణి కూతురు సౌమ్య పెళ్లి ఇంకా అయిదు రోజులుంది. రేపు పొద్దున పది గంటలకు పసుపు దంచాలి. ఇడ్లీ ఆశ వదులుకుని, ఉప్మాకు రవ్వ వేయించడానికి బాణలి పెట్టింది. బాణలి పెట్టే ముందు దాని అడుగున ఏదైనా నీలంగా ఉందేమోనని వంగి చూసుకుంది. కడుపు మండిపోయింది. తన బాణలిని తానే అనుమానించాల్సిన గతి పట్టింది మరి.

సైదులు సూర్యాపేట మార్కెట్ యార్డులో తూకం గుమాస్తా. రిటైరయ్యాక చేతిలో ఒక పని ఉండాలని చెప్పి, రిటైర్మెంటు ఇంకా ఎనిమిదేళ్లు ఉండగానే లేత్ మిషన్ కొన్నాడు. కట్టెను రెండు కొసల మధ్య బిగిస్తే మోటారు గిరగిరా తిప్పుతుంది, తిరిగే కట్టెకు ఉలి ఆనిస్తే చెక్కు లేస్తుంది. చెప్పడానికి ఇంతే. మెట్ల కింద సుమతి బట్టలు ఉతుక్కునే జాగాలో దాన్ని బిగించి, ఫోన్‌లో వీడియోలు చూస్తూ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఈ నాలుగు నెలల్లో ఒక బొంగరం చేశాడు, అది తిరగదు. ఒక గిన్నె చేశాడు, అడుగున చిల్లు పడితే దానికి పూలకుండీ అని పేరు పెట్టాడు. మూడు పెన్నులు చేశాడు, అవి రాయవు. ఇంకో గిన్నె మిషన్ మీదే పగిలి, ప్రహరీ గోడ దాటి, పక్కింటి లక్ష్మీకాంతమ్మ ఎండబెట్టుకున్న వడియాల్లో పడింది.

ప్రతి నష్టానికీ ఆయన దగ్గర ఒకటే కారణం: కట్టె పచ్చిగా ఉంది. "పచ్చి కట్టెల తడి ఉంటది. ఎపాక్సీ పోస్తే బుడగలొస్తయ్, ఉలి పెడితే పగులుతది. బాగ ఎండిన కట్టె దొరకాలె, అప్పుడు చూడు నా పనితనం." అప్పటినుంచి ఇంట్లో పాతబడిన ప్రతి వస్తువూ ఆయన కళ్లకు ఎండిన కట్టెలాగే కనపడసాగింది. చీపురు కర్ర పోయింది. స్టూలు కాలు పోయింది. సుమతి చపాతీ కర్ర కూడా పోయాక ఆమె గుమ్మంలో నిలబడి శాసనం చేసింది: ఇంటి లోపల ఉన్న ఏ కట్టెనూ ముట్టుకోవద్దు, మేడ మీద నీ దుంగల కుప్పలో ఉన్నవే నీవి. సైదులు ఒప్పుకున్నాడు. చెప్పుకోవాలి, ఆ మాట ఆయన తప్పలేదు.

తప్పకపోవడమే కొంప ముంచింది.

ఆ ఇంట్లో ఒక రోకలి ఉంది. సండ్ర కట్టెతో చేసిన మూడడుగుల రోకలి, నల్లెరుపు రంగు, ఎన్నో చేతులు పట్టి పట్టి నడుము దగ్గర అద్దంలా నునుపు తేలింది. ఏడు తరాల నాటిదని కాటమ్మ చెబుతుంది. ఆ వంశంలో ఏ ఆడపిల్ల పెళ్లయినా, ఏ కోడలు వచ్చినా పసుపు దంచడం ఆ రోకలితోనే. అది పెద్దకోడలి ఇంట్లో ఉండాలి, ఎవరింట్లో ఉంటే వాళ్లదే తొలి పోటు. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లుగా అది సుమతి దగ్గర ఉంది. ప్రతి పెళ్లికి ముందు ఆమె దాన్ని సజ్జ మీద నుంచి దింపి, ఆముదం పట్టించి, మూడు రోజులు ఎండలో పెట్టి తీసుకువెళ్తుంది.

మామూలు రోజుల్లో చుట్టాలింటికి వెళ్తే సుమతిని ఎవరూ కుర్చీలో కూర్చోమనరు. "వచ్చినవా సుమతీ, జర ఉల్లిగడ్డలు కొయ్యి" అంటారు. పసుపు దంచే రోజు మాత్రం వేరు. కాసుల పేర్లు వేసుకున్న వాళ్లు, కార్లలో దిగిన వాళ్లు, అందరూ రోలు చుట్టూ నిలబడి ఆమె చెయ్యి లేచేదాకా ఎదురుచూడాలి. పదకొండు పెళ్లిళ్లలో పదకొండుసార్లు ఎదురుచూశారు. ఈ లోకంలో సుమతికి ఉన్న అధికారం ఆ ఒక్క పోటు.

శోభారాణికి దాని మీద చాలాకాలంగా కన్నుంది. పది రోజుల కిందట ఫోన్ చేసి మెత్తగా అడిగింది కూడా. "నా బిడ్డ పెళ్లి కదొదినా, ఈసారికి తొలి పోటు నేనే వేస్తానులే. నీకెందుకు శ్రమ? ఆ పాత రోకలి కూడా మోసుకురాబాకు, మాకు కొత్తది ఉంది."

"మోస్తే నా భుజాలే గద నొస్తయ్. నేనే తెస్త," అని సుమతి ఫోన్ పెట్టేసింది.

రవ్వ వేగాక పొయ్యి కట్టేసి, రోకలి కోసం మేడ ఎక్కింది. చేతిలో ఇనుప పొన్ను ఉంది. రోకలి కింది కొసకు తొడిగే ఆ కట్టు వదులైతే, పోయిన వారం తన పుట్టిల్లు మిర్యాలగూడ వెళ్లినప్పుడు తెలిసిన కమ్మరికి ఇచ్చింది. తమ్ముడు నిన్ననే తెచ్చిచ్చాడు. ఇక తొడగడమే మిగిలింది.

పిట్టగోడకు ఆనించిన చోట రోకలి లేదు. పక్కనే సైదులు దుంగల కుప్ప ఉంది. అందులోనూ లేదు.

"ఏమయ్యా! ఈడ గోడకు పెట్టిన రోకలి ఏది?"

కింద మెట్ల దగ్గర్నుంచి ఉత్సాహంగా జవాబొచ్చింది. "రోకలి నాకేం తెలుసు? నువ్వు జర కిందికి రా, నీకొకటి చూపిస్త. సౌమ్యకు నేను సొంతంగ చేసిన కానుక!"

సుమతి దిగి వచ్చేసరికి సైదులు పేపరులో చుట్టిన రెండు ముక్కలు లేత్ మీద పెట్టి విప్పుతున్నాడు. ఒక ముక్క ఒళ్లంతా గాడులు, కట్లు, మధ్యమధ్య ముత్యాల్లాంటి గుండ్లు. రెండోది ఇంకా నున్నగానే ఉంది.

"దీపం కంబాలు. దేవుని అర్ర ముంగట అటొకటి, ఇటొకటి. ఒకటి అయింది, ఇంకోటి కావాలె. ఎట్లున్నది?"

"కట్టె ఏడిది?" అంది సుమతి.

"అదే చెప్తున్న, అదృష్టమంటే గిది. మేడ మీద నా కుప్ప పక్కనే ఉన్నది. దామరచర్లల మా దోస్తును కట్టె అడిగిన గద, ఆయన తెచ్చి పెట్టిపోయిండనుకున్న. సండ్ర కట్టె! ఎన్నేండ్లు ఎండిందో, చుక్క తడి లేదు. రంపం పెడితే గంట మోగినట్టు మోగింది."

సుమతి నున్నగా ఉన్న ముక్కను తీసుకుని వాసన చూసింది. ఆముదం. చేతిలోని పొన్నును దాని కొసకు తొడిగింది. అది కొలిచి చేసినట్టు పట్టింది.

సైదులు పొన్ను వంక చూశాడు, ముక్క వంక చూశాడు, చివరికి భార్య ముఖం వంక చూడబోయి మానేశాడు.

"పొన్ను లేకపాయె," అన్నాడు చిన్నగా. "పొన్ను లేని రోకలి దుంగ లెక్కనే ఉంటది. ఎట్ల గుర్తువడ్తరు ఎవలన్న?"

"అంటే తప్పు నాదా?"

"నేనట్ల అన్ననా? పొన్ను తీసింది నువ్వు అంటున్న, అంతే."

సుమతి ఏడవలేదు. ఏడుపు రావాలంటే ముందు కోపం జరిగి దారి ఇవ్వాలి. "ఇరవై నాలుగేండ్లాయె! చెదలు పట్టకుంట, పొక్కు లేవకుంట పిల్ల లెక్క సాదిన. నీ బొంగరం తిరగకపాయె, నీ పెన్ను రాయకపాయె, నా రోకలి ఒక్కటే దొరికిందా నీకు అక్కెరకు? రేపు అంత మందిల శోభ ముంగట ఉత్త చేతులు ఊపుకుంట పోవాల్నా? ఆ కొత్త రోకలి పట్టుకొని ఆమె తొలి పోటు ఏస్తుంటే నేను ఉల్లిగడ్డలు కోసుకుంట కూసోవాల్నా?"

"ఉండు, పరేషాన్ కాకు. అతుకుదాం," అన్నాడు సైదులు. "ఎపాక్సీతోని అతికితే కట్టె విరుగుతది గాని అతుకు విరగదు. నడుమ ఇనుప సలాక పెడ్త. ఈ ఎండకు నాలుగు గంటలల్ల గట్టివడ్తది. పన్నెండు బస్సు కాకపోతే ఆరు బస్సు."

ఆ మనిషిని ఇంకోసారి నమ్మాల్సి రావడం సుమతికి అన్నిటికంటే పెద్ద అవమానంగా తోచింది. కానీ వేరే దారి లేదు. అంగట్లో కొత్త రోకలి కొంటే శోభారాణి వీధి గుమ్మం నుంచే గుర్తుపడుతుంది.

"నీలం పొయ్యకు," అంది. "పెండ్లి రోకలికి నీలమేంది, పసుపు కలుపు."

సైదులు రెండు ముక్కల కొసల్లో రంధ్రాలు చేసి, మధ్యలో కొంచెం సందు వదిలి ఇనుప సలాక దిగ్గొట్టాడు. అతుకు చుట్టూ నీళ్ల పైపు ముక్క తొడిగాడు. స్నానాల గదిలోని ప్లాస్టిక్ మగ్గులో రెండు సీసాలూ ఒంపి, వంటింటి పసుపు రెండు చెంచాలు వేసి కలిపాడు. నాలుగు వేళ్ల వెడల్పు సందులో పట్టేది ఎంత? కలిపింది మగ్గు నిండా ఉంది. సందు నింపి, మిగిలింది అలాగే మగ్గులో ఉంచాడు. కుప్పగా ఉంటే దానికదే వేడెక్కుతుందని ఆయన చూసిన వీడియోలో చెప్పే ఉంటారు. ఆయన అక్కడిదాకా చూడలేదు.

పది నిమిషాల్లో మగ్గు మెత్తబడి ఒక పక్కకు వాలింది. తర్వాత పసుపు పచ్చని పొగ లేచి, మెట్ల సందులోంచి ప్రహరీ గోడ మీదుగా లక్ష్మీకాంతమ్మ ఇంట్లోకి వెళ్లింది.

"సుమతమ్మా! గ్యాస్ లీకైందా? ఏం కాలుతున్నదమ్మా?" గోడ అవతల లక్ష్మీకాంతమ్మ అరుస్తోంది. వడియాల సంఘటన తర్వాత ఆమె ఆ ఇంటి మీద ఒక కన్నేసే ఉంచింది. ఆమెకు శోభారాణి చిన్ననాటి స్నేహితురాలు. సుమతి మగ్గును కర్రతో మోరీలోకి తోసి తిరిగొచ్చేలోపే కోదాడ నుంచి ఫోన్ మోగింది.

"ఏందొదినా, మీ ఇంట్లో మంటలంటగా? లక్ష్మీకాంతం చెబుతోంది."

"మంట లేదు గింట లేదు," అంది సుమతి దగ్గు ఆపుకుంటూ. నోటికొచ్చిన మాట అనేసింది. "రోకలికి సాంబ్రాణి పొగ ఏస్తున్నం."

"సాంబ్రాణా? ఎన్నడూ లేంది?"

"పెద్ద పెండ్లి గద. పెద్ద పెండ్లికి ఏస్తరట. మీ అమ్మ చెప్పింది."

శోభారాణి ఊరుకునే మనిషి కాదు. అనుకున్నట్టే మరు నిమిషంలో వరండాలో కాటమ్మ ఫోన్ మోగింది. సుమతి తలుపు చాటున నిలబడింది. కాటమ్మ కూతురు చెప్పేదంతా విని, మెట్ల సందులోని పొగ వంక ఒకసారి చూసి, "అవ్ బిడ్డా, ఏస్తరు. పాత ఆచారమే. ఆ రోకలి ముచ్చట నువ్వు ఎక్కువ తవ్వకు," అని ఫోన్ పెట్టేసింది.

అత్తగారు తన పక్షం ఎందుకు తీసుకుందో సుమతికి అర్థం కాలేదు. ఇరవై నాలుగేళ్లలో అది మొదటిసారి. ఆలోచించే తీరికా లేదు.

మూడున్నరకు పైపును కోసి తీశారు. అతుకు నిజంగానే రాయిలా ఉంది, పసుపు ముద్దలా మెరుస్తోంది. కానీ కింద సగం నున్నగా, పై సగం గాడులు, ముత్యాలు. చూస్తే లాగూ మీద పట్టు కోటు తొడిగినట్టుంది. కింద సగం కూడా అలాగే చెక్కితే తప్ప దాన్ని నలుగురిలో పెట్టలేరు.

సైదులు కళ్లద్దాలు సర్దుకుని ఉలి పట్టాడు. ఉలి ఆనగానే రోకలి అదిరింది, మిషన్ అదిరింది, ఆయన చేతులు అంతకంటే ఎక్కువ అదిరాయి. పొద్దుటినుంచీ భార్య చూపు వీపుకు తగులుతూనే ఉంది మరి. ఉలి ఎగిరి ఆయన చెప్పు పక్కన పడింది.

"గట్ల కుమ్మితే ఎట్ల? కట్టె ఏమన్న నీ పగోడా?" సుమతి కొంగు నడుముకు బిగించి ముందుకొచ్చింది. "ఇటియ్యి."

"నీకు రాదు. దీనికి శిక్షణ ఉండాలె. ముందుగాల ఉలి కోణం..."

"నీ శిక్షణ చూసిన గద నాలుగు నెలలు. నోరు మూసుకొని ఆ స్విచ్చు కాడ నిలవడు."

ఆమె ఉలిని చెక్కకు ఆనించింది, నొక్కలేదు. దోసకాయ మీద కత్తి ఆనించి కాయను తిప్పితే తొక్క దానికదే వస్తుంది, ఎక్కువ నొక్కితే కండ పోతుంది. ఆ సంగతి సుమతి చేతులకు నలభై ఏళ్లుగా తెలుసు. ఉలి అంచు నుంచి సన్నటి పొర లేచింది. విరగకుండా, చుట్టలు చుట్టుకుంటూ, ఎర్రగా ఆమె మణికట్టు మీద పడింది. ఇంకొకటి లేచింది. గాడి తర్వాత గాడి, ముత్యం తర్వాత ముత్యం, పై సగం వంక చూస్తూ కింద సగం దించింది. పసుపు అతుకు దగ్గరికి వచ్చేసరికి పొరలు బంగారు రేకుల్లా లేచాయి. ఇరవై నాలుగేళ్లు కాపాడిన రోకలి పైపొర అంతా తన చేతులతోనే తీసేస్తున్నానని తెలుసు. అయినా చేతులు ఆగలేదు. పైకి కోపంగానే ఉంది, ఎందుకంటే కోపంగా ఉండడం న్యాయం. కానీ సైదులు "ఇగ చాలు, బస్సు పోతది" అని మూడుసార్లు పిలిచేదాకా ఆమెకు వినబడలేదు.

మర్నాడు పది గంటలకు కోదాడలో శోభారాణి ఇంటి ముందు షామియానా కింద ఎవరి ముఖం ఎవరికీ కనపడలేదు. పెద్ద పెళ్లికి సాంబ్రాణి వెయ్యడం పుట్టింటి ఆచారమని తెలిసిన శోభారాణి, తన ఇంటి పెళ్లి ఎవరి పెళ్లికీ తీసిపోకూడదని నాలుగు మూలలా నాలుగు కుంపట్లు పెట్టించింది. నలభై మంది ముత్తైదువలు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. జగ్గయ్యపేట నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనత్త దగ్గీ దగ్గీ కళ్లు ఎర్రబడి, "మీ సూర్యాపేట ఆచారాలు గట్టివండీ," అంది.

సుమతి పట్టుగుడ్డ విప్పి రోకలిని బయటికి తీసింది. పొగలో కూడా దాని నడుము ధగధగ మెరిసింది.

"ఏంటిది వదినా?" శోభారాణి కళ్లు చిన్నవి చేసింది. "మన రోకలికి ఈ చెక్కుళ్లు ఎక్కడివి? ఆ నడుముకి వడ్డాణమేంటి?"

"పాలిష్ చేయించినం. మేనకోడలి పెండ్లి గద, మీ అన్న నడుంకట్టు పెట్టిచ్చిండు," అంది సుమతి, రెప్ప వాల్చకుండా.

వెనక నిలబడ్డ సైదులు ఎందుకైనా మంచిదని తలూపాడు. "ఎంత బాగుందండీ! మేనమామ పెట్టే నడుంకట్టా? మా అన్నయ్యకు చెప్పాలి," అంది మేనత్త. ఆ మాటతో శోభారాణి గతిలేక వెనక్కి జరిగింది.

రోకలికి పసుపు కొమ్ము కట్టారు. రోట్లో పసుపు కొమ్ములు పోశారు. నలభై మందీ చుట్టూ నిలబడ్డారు. సుమతి రెండు చేతులతో రోకలి ఎత్తింది. అతుకు ఆగుతుందా? ఊడితే? పన్నెండోసారి ఇంతమంది తన చెయ్యి కోసం ఎదురుచూస్తున్నారు. కళ్లు మూసుకుని దించింది.

ధుమ్మని మోగింది. అతుకు చెక్కుచెదరలేదు. పాట అందుకున్నారు. రెండో పోటు, మూడో పోటు. సుమతి ఊపిరి వదిలింది.

సరిగ్గా అప్పుడు పెళ్లికూతురు సౌమ్య ముందుకు వంగి, రోకలి నడుమును వేలితో తాకి, సంతోషంగా కేక పెట్టింది. "అమ్మా, ఇది ఎపాక్సీ! రెసిన్! రీల్స్‌లో చూస్తా కదా, విరిగిపోయిన చెక్కల్ని ఇట్టాగే అతికిస్తారు. మావయ్యా, నువ్వు చేశావా? సూపర్!"

పాట ఆగిపోయింది. పిల్ల నోరు మంచిదే, సమయమే మంచిది కాదు.

"విరిగిపోయిందా?" శోభారాణి ఒక్కో అక్షరం ఒత్తి పలికింది. "విరిగిన రోకలితో నా బిడ్డ పసుపు దంచుతున్నావా వదినా? ఏడు తరాల రోకలిని ముక్కలు చేసి, నడుంకట్టని అబద్ధాలు చెబుతావా? ఇరవై నాలుగేళ్లు నీ దగ్గరుంచితే ఇదా నువ్వు చూసుకున్నది? ఆ తొలి పోటు చెల్లదు. తీయండి, ఆ పసుపు తీసి పారబొయ్యండి. కొత్త రోకలి తెండి, మొదటి పోటు నేనే వేస్తా!"

పెళ్లికొడుకు మేనత్త దగ్గు కూడా మానేసి చూస్తోంది. విరగ్గొట్టింది ఎవరు, మాట పడేది ఎవరు? సుమతి సైదులు వంక చూసింది. ఆయన షామియానా గుంజను చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"శోభా," అంది కాటమ్మ. ఆమె పందిరి చివర కుర్చీలో కూర్చుని ఉంది. "నోర్ముయ్యి."

"నన్నంటావేంటమ్మా? నీ అత్తల నాటి రోకలి..."

"నా అత్తల నాటిది లేదు ఏం లేదు. అది నేను మిర్యాలగూడ అంగట్ల కొన్న కట్టె."

నలభై మందిలో ఒక్కరూ దగ్గలేదు.

"మరి ఏడు తరాలది?" అంది శోభారాణి.

"అది పొయ్యిల పెట్టిన. నువ్వు పుట్టిన దినం. మూడు దినాల సంది ఒక్కటే వాన, కట్టెలన్ని తడిసి ముద్దయినయ్. మంత్రసాని వేడినీళ్లు వేడినీళ్లని మొత్తుకుంటుంటే పొయ్యి అంటలే. ఇంట్ల ఎండిన కట్టె అదొక్కటే ఉండె. నొప్పులు పడుకుంటనే సగానికి నరికి పెట్టిన. భగ్గున మండింది. ఆ నీళ్లతోనే నిన్ను కడిగిండ్రు. ఊరికి పోయిన మా అత్తకు తెలిస్తే సంపుతదని లేవంగనే అంగడికి పోయి, సూడ అట్లనే ఉన్న ఇంకో రోకలి తెచ్చి సజ్జ మీద పెట్టిన. ఇన్నేండ్లు ఎవలు గుర్తువట్టలే. నిన్న ఆ పొగ ముచ్చట ఇనంగనే, దీన్ని ఎవలు దగ్గరికెళ్లి సూడకుంటే చాలనుకున్న."

శోభారాణి కొత్త రోకలి కోసం చాపిన చెయ్యి దించింది. ఏడు తరాల రోకలి బూడిద కావడానికి కారణం తానేనని నలభై మంది ముందు తేలిపోయింది.

సుమతి లెక్క వేసుకుంది. తల్లి అసలు దాన్ని కాల్చింది, కొడుకు నకిలీ దాన్ని కోశాడు. ఇద్దరికీ కావలసింది ఎండిన కట్టె. మధ్యలో తాను ఒకరింటి అబద్ధానికి ఇరవై నాలుగేళ్లు ఆముదం రాసింది.

"అత్తమ్మా," అంది ఎట్టకేలకు, "మూడు వానకాలాలు సజ్జ ఉరిసిందని దీన్ని నా పక్కల పండవెట్టుకొని పడుకున్న. జరమొచ్చిన నాడు సుత లేచి ఎండకు పెట్టిన. ఒక్క మాట చెప్పకపోయినవా?"

"సెప్తే నువ్వు గంత మంచిగ సాదుతువా?" అంది కాటమ్మ, తడుముకోకుండా.

ఎవరో ముందుగా నవ్వారు. జగ్గయ్యపేట మేనత్తే కాబోలు. తర్వాత నలభై మందీ నవ్వారు. శోభారాణి మాత్రం నవ్వకుండా, "అయితే ఇప్పుడు తొలి పోటు ఎవరిది?" అంది. ఆ ప్రశ్న ఆమె ఎప్పటికీ వదలదు.

అందరూ సుమతి వైపు తిరిగారు. పన్నెండుసార్లు ఇలా తిరిగి చూశారు, ఎప్పుడూ రోకలిని చూశారు. ఈసారి ఆమెను చూస్తున్నారు. సుమతి చేతిలోని రోకలి వంక చూసుకుంది. పై సగంలో సైదులు చెక్కిన ముత్యాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కింద సగంలో తనవి, వరుసగా, ఒక్క కొలత. అంగట్లో కొన్నదైనా, ఏడు తరాలదైనా ఈ కింది సగం లాంటిది ఇదివరకు ఆ ఇంట్లో ఎవరూ చెయ్యలేదు.

రోకలిని శోభారాణి చేతిలో పెట్టింది.

"తొలి పోటు నువ్వే ఏసుకో. మలి పోటు సుత నువ్వే ఏసుకో. నాకు దాంతోని పని లేదు," అంది. గొంతు పెంచలేదు, అయినా షామియానా చివరిదాకా వినిపించింది. "అందరున్నరు గాబట్టి చెప్తున్న. ఆ లేత్ మిషన్ ఇయ్యాల్టి సంది నాది. మన ఇంట్ల ఇగ ఏ పిల్ల పెండ్లి కుదిరినా ఆ పిల్ల పేరు మీద ఒక రోకలి నేనే చేసిస్త, ఎవలది వాళ్లు దాసుకోండ్రి. పొద్దుగాల ఆరింటి నుంచి పది దాంక నేను ఉలి కాడనే ఉంట. ఆ యాళ్లకు వంటింట్ల ఎవలుండాల్నో ఆయనే చూసుకుంటడు."

షామియానా గుంజ దగ్గర కదలిక లేదు. శోభారాణి రోకలి ఎత్తింది, పాట మళ్లీ మొదలైంది.

ఆ మధ్యాహ్నం బంతి భోజనాలకు పిలిస్తే సైదులు రాలేదు. వెనక పొయ్యిల దగ్గర వంటమనిషి పక్కన నిలబడి, ముగ్గురికి ఎంత బియ్యం పొయ్యాలో, ఎన్ని నీళ్లు పట్టాలో అడిగి చీటీ మీద రాసుకుంటున్నాడు.